సీసపు ముద్రికల సాక్ష్యం
రూమ్ అధికారుల ముద్రలను చదవడం, అర్థం చెప్పడం

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) రూమ్ చక్రవర్తికి లేఖ వ్రాయించ సంకల్పించినప్పుడు, ముద్ర లేని లేఖను ఆ దేశస్థులు చదవరని ఆయనకు మనవి చేసినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం వల్ల తెలుస్తోంది. అంతట ఆయన ఒక వెండి ఉంగరం చేయించి, దానిపై ముహమ్మద్, రసూల్, అల్లాహ్ అనే మూడు పదాలను మూడు వరుసల్లో చెక్కించారు. ఆ ఉంగరం ఆయన తరువాత క్రమంగా హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ ఉస్మాన్ (రజి)ల చేతికి వచ్చి, చివరకు మదీనాలోని అరీస్ బావిలో పడి దొరకకుండా పోయింది.

ఈ ఉల్లేఖనాన్ని చదివేవారి దృష్టి సహజంగానే ఆ ఉంగరంపై నిలుస్తుంది. అయితే ఇందులో రూమ్ పరిపాలనను గురించిన ఒక ఖచ్చితమైన సమాచారం కూడా ఇమిడి ఉంది. చరిత్రకారులు బైజాంటైన్ సామ్రాజ్యమని పిలిచే ఆ రాజ్యంలో లేఖకు ప్రామాణ్యం కల్పించేది ముద్ర. ముద్ర లేనిదానికి అధికారి చేతిలో విలువ లేదు. ఈ విషయాన్ని పురావస్తు పరిశోధన పూర్తిగా ధ్రువపరచింది. ఆ రాజ్యపు చక్రవర్తులు, సేనానులు, సుంకాధికారులు, మతాధికారులు తమ లేఖలకు వ్రేలాడదీసిన సీసపు ముద్రికలు వేలకు వేలు బయటపడ్డాయి. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ సంస్థ ఒక్కదానిలోనే సుమారు 17,000 ముద్రికలు భద్రపరచబడి ఉన్నాయి. లేఖలు వ్రాసిన పపైరస్, తోలు చాలావరకు నశించిపోయాయి. వాటిని కాపాడడానికి వేసిన సీసం మాత్రం మిగిలింది.

ముద్ర అవసరాన్ని ఇస్లామీయ పాలన కూడా తొలి దశలోనే గుర్తించింది. హజ్రత్ ముఆవియా (రజి) ఒకరికి లక్ష దిర్హములు ఇవ్వవలసిందిగా ఇరాక్‌కు ఉత్తర్వు పంపితే, దారిలో దానిని విప్పి లక్షను రెండు లక్షలుగా మార్చారనీ, లెక్కలు చూసినప్పుడు ఆ మోసం బయటపడగా ఆయన ‘దీవానుల్ ఖాతమ్’ అనే ముద్రల శాఖను నెలకొల్పారనీ అరబ్ చరిత్రకారులు వ్రాశారు. ఉమయ్యద్ ఖలీఫాల కాలపు అరబీ లిపి గల సీసపు ముద్రికలు కూడా సిరియా, పాలస్తీనా ప్రాంతాల్లో లభించాయి. కనుక రూమ్ ముద్రికలను చదివే విద్య ఇస్లామీయ చరిత్ర విద్యార్థికి పరాయి విషయం కాదు. ముస్లిములకూ రూమ్‌కూ మధ్య జరిగిన సంగతులకు నాటి అధికారుల చేతి నుండి నేరుగా వచ్చిన సాక్ష్యాలలో ఈ సీసపు బిళ్ళలు ముఖ్యమైనవి. ఆ సాక్ష్యాన్ని వినడం ఎంత కష్టమో, అందులో ఎంత జాగ్రత్త అవసరమో ఒక్క ముద్రిక ద్వారా ఇక్కడ పరిశీలించడం జరుగుతుంది.

ముద్రిక తయారయ్యే విధానం

సీసాన్ని కరిగించి అచ్చులో పోసి చిన్న బిళ్ళలు తయారు చేసేవారు. సాధారణంగా బిళ్ళ రూపాయి నాణెమంత ఉండేది. దాని మధ్యగా ఒక సన్నని రంధ్రం ఆ వైపు నుండి ఈ వైపుకు ఉంటుంది. లేఖను మడచి, దారంతో కట్టి, ఆ దారపు కొసలను బిళ్ళ రంధ్రం గుండా తీసేవారు. తరువాత పటకారు వంటి ఇనుప సాధనం రెండు దవడల మధ్య బిళ్ళను ఉంచి సుత్తితో కొట్టేవారు. గ్రీకులో దీని పేరు ‘బూల్లోటీరియోన్’. రెండు దవడల లోపలి ముఖాలపైనా అక్షరాలు, బొమ్మలు తిరగవేసి చెక్కబడి ఉండడం వల్ల ఒకే దెబ్బతో బిళ్ళకు రెండు ప్రక్కలా ముద్ర పడేది. మెత్తని సీసం అణగి లోపలి దారాన్ని బిగించి పట్టుకునేది. ఇక దారం తెంపకుండా గాని, బిళ్ళ చెడగొట్టకుండా గాని లేఖను విప్పడం సాధ్యం కాదు.

ఈ పద్ధతిలోనే చదివేవారికి ఎదురయ్యే కష్టాలు కూడా పుట్టాయి. సుత్తి దెబ్బ ఒక ప్రక్కకు పడితే అంచున ఉన్న అక్షరాలు బిళ్ళ దాటిపోతాయి. లోపలి దారపు రంధ్రం దెబ్బకు కుంగి, మధ్య వరుసను రెండుగా చీలుస్తుంది. వెయ్యేండ్లకు పైగా మట్టిలో పడివున్న సీసం పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందువల్ల ఒక్క ముద్రికతో పాఠం పూర్తిగా తేలడం అరుదు. ఒకే పటకారుతో వేసిన మరొక ముద్రిక దొరికినప్పుడు, మొదటిదానిలో పోయిన అక్షరాలు రెండవదానిలో కనిపించవచ్చు. పండితులు పాఠాన్ని ప్రచురించేటప్పుడు కంటికి కనిపించిన అక్షరాలను మామూలుగా వ్రాసి, ఊహించి పూరించిన అక్షరాలను కుండలీకరణాలలో చూపుతారు. ఈ నియమం చిన్నదే అయినా, ముద్రికా శాస్త్రానికి ఇదే పునాది.

చదివే క్రమం

ముద్రికలపై పదాల మధ్య ఖాళీలు ఉండవు. చోటు చాలక పదాలను కుదించి, మొదటి రెండు మూడు అక్షరాలు మాత్రమే వేసి వదిలిన సందర్భాలు ఎన్నో. ‘చక్రవర్తి కొలువుకు చెందిన’ అనే విశేషణానికి ఒక్కొక్కప్పుడు ‘బీటా’ అనే ఒకే అక్షరం ఉంటుంది. ఆరవ శతాబ్దం నుండి కొన్ని ముద్రికలపై పేరులోని అక్షరాలన్నిటినీ శిలువ నాలుగు కొసలపై పేర్చి ఒక సంకేతంగా కూర్చేవారు. ఎక్కడ మొదలుపెట్టి ఎటు చదవాలో ఆ సంకేతం చెప్పదు. అవే అక్షరాలతో రెండు మూడు పేర్లు ఏర్పడే అవకాశం కూడా ఉంది.

ఎనిమిదవ శతాబ్దం తరువాతి ముద్రికలలో ఒక స్థిరమైన క్రమం కనిపిస్తుంది. ఒక ప్రక్క, వారి విశ్వాసాన్ని అనుసరించి, ‘ప్రభూ, నీ సేవకునికి తోడ్పడు’ అనో, ‘దైవమాతా, తోడ్పడు’ అనో ప్రార్థన. రెండవ ప్రక్క ఆ సేవకుని పేరు, బిరుదు, ఉద్యోగం. ఇక్కడ బిరుదు వేరు, ఉద్యోగం వేరు అనే విషయం మరువరాదు. ‘స్పథారియోస్’ అంటే ఖడ్గధారి, ‘ప్రోటోస్పథారియోస్’ అంటే ప్రథమ ఖడ్గధారి. ఇవి కొలువులో మర్యాదను సూచించే బిరుదులేగాని కత్తి పట్టే పనిని కాదు. ‘పత్రికియోస్’ అనే ఉన్నత బిరుదే అరబ్ చరిత్ర గ్రంథాల్లో రూమ్ సేనానులకు తరచు కనిపించే ‘బిత్రీఖ్’ అయింది. ‘స్ట్రాటెగోస్’ అనేది మాత్రం ఉద్యోగం. ‘థీమా’ అనే సైనిక మండలానికి అధిపతి అని దాని అర్థం. బిరుదుల మెట్లు 899లో ఫిలోథియోస్ అనే కొలువు అధికారి కూర్చిన జాబితాలో వరుసగా ఉన్నాయి. అందువల్ల ఒకే వ్యక్తి ముద్రికలు రెండు మూడు దొరికితే, అతడు ఏ మెట్టు నుండి ఏ మెట్టుకు ఎక్కాడో చెప్పడం వీలవుతుంది.

ఈ మండలాల విషయంలో అరబ్ భూగోళ గ్రంథాలు ఎంతో ఉపకరిస్తాయి. 845లో జరిగిన ఖైదీల మార్పిడిలో విడుదలైన ముస్లిమ్ ఇబ్ను అబీ ముస్లిమ్ అల్ జర్మీ రూమ్ రాజ్య విషయాలపై గ్రంథాలు వ్రాశాడు. ఆ సమాచారాన్ని ఆధారం చేసుకొని ఇబ్ను ఖుర్దాద్బిహ్ రూమ్ మండలాల పేర్లను, వాటి ఎల్లలను పేర్కొన్నాడు. ఆ పేర్లు గల సేనానుల ముద్రికలు తరువాత లభించాయి. ఒక ముస్లిమ్ ఖైదీ విని గుర్తుంచుకున్న పేర్లకు రూమ్ అధికారుల స్వంత ముద్రలే సాక్ష్యమిచ్చాయి.

బితీనియా ముద్రిక

ఇక అసలు విషయానికి వస్తే, 1902లో బి. ఎ. పాంచెంకో అనే రష్యన్ పండితుడు ఒక సీసపు ముద్రికను ప్రకటించాడు. అప్పట్లో ఇస్తాంబూల్‌లో ఉన్న రష్యన్ పురావస్తు సంస్థ పత్రికలో అది వెలువడింది. ముద్రికపై ఒక ప్రక్క చక్రవర్తి బొమ్మ, రెండవ ప్రక్క గ్రీకు అక్షరాలు ఉన్నాయి. బితీనియా రాష్ట్రం పేరు, స్లావులు అనే జాతి పేరు అందులో ఉన్నాయి. బితీనియా అంటే నేటి టర్కీలో ఇస్తాంబూల్‌కు ఎదురుగా, సముద్రానికి ఆసియా వైపున ఉన్న ప్రాంతం. స్లావుల నివాసం బాల్కన్ భూములు. వారు ఇక్కడికి ఎలా వచ్చారు, వారి పేరు ప్రభుత్వ ముద్రపైకి ఎందుకు ఎక్కింది అన్నదే సమస్య.

పాంచెంకో ఆ వరుసను ‘ఆండ్రాస్ డోన్‌టోన్’ అని చదివాడు. ‘పురుషులను ఇచ్చిన’ అని దాని అర్థం. అంటే ఇది సైన్యానికి తమ మగవారిని పంపిన బితీనియా స్లావుల ముద్రిక. సామ్రాజ్యానికి సైనిక సేవ చేసే, గౌరవం గల ఒక ప్రజాసమూహం ఆ పాఠం వెనుక కనిపిస్తుంది. మరుసటి సంవత్సరమే, ముద్రికా శాస్త్రంలో 1884లోనే బృహద్గ్రంథం వ్రాసిన ఫ్రెంచి పండితుడు గుస్తావ్ ష్లుంబెర్జే ఆ పాఠాన్ని సరిదిద్దాడు. అక్కడ ఉన్నది ‘ఆండ్రాస్ డోన్‌టోన్’ కాదు, ‘ఆండ్రాపోడోన్’ అని అతడు చూపాడు. మొదటి అక్షరాలు రెండింటికీ ఒకటే. తరువాతి అక్షరాలలోనే భేదం. కాని అర్థం పూర్తిగా తారుమారైంది. ‘ఆండ్రాపోడా’ అంటే బానిసలు, ముఖ్యంగా యుద్ధంలో పట్టుబడి అమ్మకానికి వచ్చినవారు. గ్రీకు భాషలో పశువులకు ‘నాలుగు కాళ్ళవి’ అనే మాట ఉంది. దానికి జోడుగా ‘మనిషి కాళ్ళవి’ అని పుట్టిన మాట ఇది. సైనికులను పంపిన ప్రజలు కొద్ది అక్షరాల తేడాతో పశువుల వరుసలో నిలిచిన ఆస్తిగా మారారు.

కాలనిర్ణయం

పాఠం తేలినా కాలం తేలలేదు. ముద్రికపై ‘ఎనిమిదవ ఇండిక్షన్’ అని ఉంది. ఇండిక్షన్ అంటే పన్నుల లెక్క కోసం ఏర్పరచిన 15 ఏళ్ళ చక్రం. అందులో ఇది ఎన్నవ ఏడో చెప్పేవారేగాని, ఏ చక్రమో చెప్పేవారు కారు. తెలుగునాట పాత దస్తావేజులలో శకసంవత్సరం లేకుండా ‘రక్తాక్షి నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే, అది ఏ అరవై ఏళ్ళ చక్రంలోని రక్తాక్షి అనే సందేహం కలిగినట్లే ఇదీ. ఏడవ శతాబ్దం మధ్య నుండి చూస్తే ఎనిమిదవ ఇండిక్షన్ 649–50, 664–65, 679–80, 694–95 సంవత్సరాలలో వచ్చింది. పాంచెంకో మొదటి దానిని ఎన్నుకున్నాడు.

తరువాత అదే రకానికి చెందిన మరికొన్ని ముద్రికలు వెలుగులోకి వచ్చాయి. 1972లో జాకోస్, వెగ్లరీ అనే పరిశోధకులు ప్రచురించిన సంపుటాలు ఈ విషయంలో ఎంతో మేలు చేశాయి. జార్జి అనే అధికారి, అదే ఎనిమిదవ ఇండిక్షన్, అదే ‘ఆండ్రాపోడా’ అనే మాట. రాష్ట్రాలు మాత్రం వేరు వేరు. జార్జి ‘కొమ్మెర్కియారియోస్’, అంటే ప్రభుత్వ గిడ్డంగులపైనా వాణిజ్యంపైనా అధికారం గలవాడు. ముద్రికలపై ఉన్న చక్రవర్తి బొమ్మను, అధికారి పేరును ఇతర ముద్రికలతో పోల్చి చూచి, ఇవి రెండవ జస్టీనియన్ పాలనలోని 694–95కు చెందినవని పండితులు నిర్ణయించారు. ఈ నిర్ణయంతో ముద్రిక ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ కాలపు యుద్ధచరిత్రలోకి వచ్చి నిలిచింది.

యుద్ధ నేపథ్యం

రెండవ జస్టీనియన్ 688–89లో బాల్కన్ భూములపై దండెత్తి, లొంగిన స్లావులను పెద్ద సంఖ్యలో సముద్రం దాటించి బితీనియా ప్రాంతంలో నివసింపజేశాడు. గ్రీకు చరిత్రకారుడు థియోఫేనీస్ కథనం ప్రకారం వారిలో 30,000 మందిని ఎన్నుకొని, నెబూలోస్ అనే నాయకుని క్రింద ప్రత్యేక సైన్యం ఏర్పరచాడు. అప్పటికి అబ్దుల్ మలిక్‌కూ అతనికీ సంధి ఉంది. ఆ సంధి చెడడానికి ఖలీఫా పంపిన కొత్త నాణేలను చక్రవర్తి తిరస్కరించడమే కారణమని థియోఫేనీస్ వ్రాయగా, పపైరస్‌పై వ్రాతలను గురించిన వివాదాన్ని, దాని వెంట వచ్చిన నాణేల తగాదాను బలాజురీ పేర్కొన్నాడు.

హిజ్రీ 73, అంటే క్రీ.శ. 692–93 ప్రాంతంలో ఆసియా మైనర్‌లోని సెబాస్తోపోలిస్ వద్ద రెండు సైన్యాలు తలపడ్డాయి. ముస్లిమ్ సైన్యానికి ఖలీఫా సోదరుడు ముహమ్మద్ ఇబ్ను మర్వాన్ నాయకుడు. భంగమైన సంధిపత్రాన్ని బల్లెపు కొసకు కట్టి ధ్వజంగా పట్టి ముస్లిములు ముందుకు నడిచారని థియోఫేనీసే వ్రాశాడు. యుద్ధంలో స్లావులు రూమ్ పక్షం వదలి ముస్లిముల వైపు వచ్చారు. వారి సంఖ్య 20,000 అని థియోఫేనీస్, సుమారు 7,000 అని సిరియా చరిత్రకారుడు మిఖాయేల్ చెప్పారు. వచ్చినవారికి అంతాకియా, కుర్రుస్ ప్రాంతాల్లో నివాసం, జీతం లభించాయని, వివాహాలు జరిగాయని మిఖాయేల్ చరిత్ర తెలుపుతుంది.

వెనుక మిగిలినవారి గతి ఏమైంది? ఓడి వెనుదిరిగిన జస్టీనియన్, నికొమీడియా అఖాతం ఒడ్డున ల్యూకేట్ అనే చోట మిగిలిన స్లావులను స్త్రీలతో, పిల్లలతో సహా చంపించాడని థియోఫేనీస్ కథనం. థియోఫేనీస్ తన చరిత్రను 810 తరువాతి సంవత్సరాలలో, అంటే ఆ సంఘటన జరిగిన నూరేళ్ళకు పైబడి పూర్తి చేశాడు. జస్టీనియన్‌ను క్రూరుడిగా చిత్రించే మూలాలు అతని ముందున్నాయి. ముద్రిక మాత్రం ఆ సంఘటన కాలానిదే. అది ఏ పక్షం కోసమూ వ్రాసిన కథ కాదు, కార్యాలయంలో రోజువారీ పనిలో పడిన గుర్తు. అది యుద్ధం జరిగిన ఒకటి రెండేళ్ళకు స్లావ్ బానిసల ప్రస్తావన చేస్తోంది. అందరూ హతులైతే ఈ బానిసలు ఎవరు?

అర్థం చెప్పడంలో భేదాలు

ఇక్కడ చదవడం ముగిసి అర్థం చెప్పడం మొదలవుతుంది. పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. గ్రీకు పండితుడు నికోలాస్ ఇకోనొమిడీస్ 1986లో, కొమ్మెర్కియారియోస్‌లు ప్రధానంగా పట్టు వంటి విలువైన సరుకుల వాణిజ్యాన్ని నడిపినవారని వాదించాడు. ఆ దృష్టితో చూస్తే జార్జి ముద్రికలు శిక్షకు గురైన స్లావులను బానిసలుగా అమ్మిన వ్యవహారానికి సంబంధించినవి. అప్పుడు ల్యూకేట్ వద్ద అందరినీ చంపారన్న మాట అతిశయోక్తి అవుతుంది. చనిపోయినవారు చనిపోగా మిగిలిన వేలాదిమంది స్త్రీలు, పిల్లలు సంతలకు పోయారని భావించవలసి వస్తుంది.

దీనికి ఒక ఏడాది ముందు, 1985లో, ఆంగ్ల పండితుడు మైకేల్ హెండీ మరొక విధంగా వివరించాడు. కొమ్మెర్కియారియోస్ గిడ్డంగులు సైన్యానికి ఆయుధాలు, దుస్తులు అందించేవని అతని అభిప్రాయం. ఆ పక్షాన ముద్రికపై ఉన్న ‘బానిసలు’ అమ్ముడైనవారు కారు. స్వేచ్ఛ లేని స్థితిలో సైన్యంలో చేర్చబడి, వివిధ రాష్ట్రాలలో ఆయుధాలు పొందిన స్లావులే వారు. ఈ వాదాన్ని అంగీకరిస్తే ల్యూకేట్ సంహారమే కాదు, సెబాస్తోపోలిస్ వద్ద స్లావ్ సైన్యం ఆసాంతం పక్షం మారిందన్న మాట కూడా సడలిపోతుంది.

రెండు వాదాలకూ అభ్యంతరాలు ఉన్నాయి. సైనికులనే చెప్పదలచుకుంటే, సంతలో సరుకుకు వాడే మాటను ప్రభుత్వం తన ముద్రపై వేయిస్తుందా అని హెండీని ప్రశ్నించవచ్చు. ఒకే సంవత్సరంలో, ఒకే అధికారి పేరిట అనేక రాష్ట్రాలలో ఈ ముద్రలు పడవలసిన అవసరం అమ్మకంలో ఏముందని ఇకోనొమిడీస్‌ను ప్రశ్నించవచ్చు. అసలు చిక్కు ముద్రిక భాషలోనే ఉంది. దానిపై క్రియాపదం లేదు. అమ్మినట్లు గాని, ఆయుధాలు ఇచ్చినట్లు గాని అది చెప్పదు. ‘బితీనియా రాష్ట్రపు స్లావ్ బానిసల’ అని ఆగిపోతుంది. బానిసల యొక్క ఏమిటి? పత్రమా, పన్నా, సామగ్రియా, మూల్యమా? లేఖతోపాటు ఆ మాట నశించింది. ఎనభై ఏళ్ళకు పైగా జరిగిన వివాదమంతా ఒక షష్ఠీ విభక్తి చుట్టూ తిరిగింది.

ముగింపు

ఈ ముద్రిక వల్ల తేలిన విషయాలు మూడు తరగతులుగా విడదీయదగినవి. కంటికి కనిపించిన అక్షరాలు మొదటి తరగతి. స్లావులు, బితీనియా, ఎనిమిదవ ఇండిక్షన్ ఇందులో చేరుతాయి. పోల్చి నిర్ణయించినవి రెండవ తరగతి. ‘ఆండ్రాపోడోన్’ అనే పాఠం, 694–95 అనే కాలం ఈ తరగతివి. ఇవి బలమైన ఆధారాలపై నిలిచాయి. మూడవ తరగతి, ఆ బానిసలను ఏం చేశారన్న వ్యాఖ్యానం. అది నేటికీ వాదంగానే ఉంది. హదీసు విద్యలో ఉల్లేఖనాల స్థాయిని విడివిడిగా గుర్తించి, బలహీనమైనదానిని బలమైనదానితో కలపకుండా ఉంచే సంప్రదాయం గల పాఠకులకు ఈ విభజన కొత్తది కాదు. చరిత్ర గ్రంథాలలో తరచు జరిగే పొరపాటు మూడవ తరగతి మాటను మొదటి తరగతి నిశ్చయంతో చెప్పడమే. పాంచెంకో పాఠాన్నే చివరి మాటగా తీసుకొని ఎవరైనా బితీనియా స్లావుల సైనిక గౌరవాన్ని వర్ణించి ఉంటే, ఆ పునాది మరుసటి ఏడాదికే కూలిపోయింది.

ఇస్లామీయ చరిత్రకు సంబంధించినంతవరకు ఒక హెచ్చరిక కూడా ఇందులో ఉంది. ఏడవ శతాబ్దపు ముస్లిమ్–రూమ్ సంబంధాలకు థియోఫేనీస్ కథనం విరివిగా వాడబడుతోంది. ముస్లిములు గెలిచిన యుద్ధాన్ని గురించి అతడు చెప్పినది పుచ్చుకోవడం సులభం, ముచ్చటగానూ ఉంటుంది. కాని అదే అధ్యాయంలో అతడు చెప్పిన సంహారం విషయంలో ఒక సీసపు బిళ్ళ సందేహం కలిగిస్తున్నప్పుడు, 30,000, 20,000 అనే అతని సంఖ్యలను కూడా ఆ సందేహంతోనే చూడడం న్యాయం.

పక్షం మారిన స్లావులలో కొందరు 694లో ముహమ్మద్ ఇబ్ను మర్వాన్ సైన్యానికి దారి చూపిస్తూ మళ్ళీ రూమ్ భూమిలో అడుగుపెట్టారని థియోఫేనీస్ వ్రాశాడు. వారు వదలి వచ్చిన కుటుంబాలలో ప్రాణాలతో మిగిలినవారు ఉంటే, ఆ సెప్టెంబరుతో మొదలైన ఎనిమిదవ ఇండిక్షన్‌లో జార్జి గిడ్డంగుల లెక్కలోకి ఎక్కినవారు వారే కావచ్చు. వారి పేర్లు గ్రీకు చరిత్రలో లేవు, అరబీ చరిత్రలోనూ లేవు. సీసంపై మిగిలింది వారిని లెక్కించినవారు పెట్టిన పేరొక్కటే. ఆ ఒక్క మాటను సరిగా చదవడానికి జరిగిన శ్రమ వ్యర్థం కాదు. తప్పుగా చదివినంత కాలం వారు తమ మగవారిని సంతోషంగా యుద్ధానికి పంపిన ప్రజలుగానే చరిత్రలో ఉండిపోయేవారు.